జన్యు వ్యాధి ఏ దారిన వచ్చిందో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్య పేజీని క్రమం తప్పకుండా చదువుతాను. జన్యు వ్యాధుల గురించి ఈమధ్య తరచుగా రాస్తున్నారు, సంతోషం. కానీ దాదాపు ప్రతి కథనంలోనూ ఒకే వాక్యం అటూ ఇటూ మారి కనిపిస్తోంది: ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే వంశపారంపర్య వ్యాధి అని. అంతే, ఆ విషయం అక్కడితో అయిపోతుంది, ఆ తర్వాత లక్షణాలూ మందులూ. బిడ్డకు జబ్బు ఉన్న ఇంట్లో ఆ వాక్యం ఎంత పని చేస్తుందో మీకు తెలియదనుకుంటాను. అది చదవగానే మొదలయ్యేది ఎవరి వైపు నుంచి వచ్చిందనే తగువు. కడుపులో మోసింది తల్లి కాబట్టి ఎక్కువసార్లు ఆ వేలు ఆమె వైపే తిరుగుతుంది. నేను జీవశాస్త్రం పాఠాలు చెప్పేదాన్ని, బాగా చదువుకున్న ఇళ్లలో కూడా ఈ తగువులు చూశాను, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. కాస్త చోటు ఇవ్వండి.

చెప్పదలచుకున్నది ఒక్కటే. జన్యు వ్యాధి బిడ్డ దాకా చేరడానికి చాలా దారులున్నాయి. అది ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టి తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం మారిపోతుంది, ఆ బిడ్డ అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది మారిపోతుంది, మేనమామల పిల్లలకో బాబాయి పిల్లలకో చెప్పాల్సిన అవసరం ఉందా లేదా అన్నది మారిపోతుంది. ఆ దారి గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా వంశపారంపర్యం అని రాసి వదిలేస్తే, చదివినవాళ్లకు భయం మిగులుతుంది గానీ ఏం చేయాలో తెలియదు.

ముందు కొత్తగా పుట్టే మార్పుల సంగతి చెబుతాను, మీ కథనాల్లో అసలు కనిపించనిది ఇదే. మనకు తల్లి నుంచి ఒక సెట్టు, తండ్రి నుంచి ఒక సెట్టు జన్యు సమాచారం వస్తుంది, ఒక్కో సెట్టులో సుమారు 300 కోట్ల అక్షరాలు, అంటే డీఎన్‌ఏలో వరసగా ఉండే రసాయన ముక్కలు, ఉంటాయి. కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ ఇదంతా తిరగరాయాలి. రాసే ఎంజైము తను రాసింది తనే సరిచూసుకుంటుంది, తప్పు కనిపిస్తే తీసేసి మళ్లీ రాస్తుంది, దానికి దొరకనివాటిని పట్టుకోవడానికి వేరే మరమ్మతు ప్రోటీన్లు ఉన్నాయి. ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో తేల్చినందుకే తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజర్‌లకు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇన్ని కాపలాలున్నా కొన్ని తప్పులు దాటిపోతాయి. పుట్టే ప్రతి బిడ్డలోనూ, అంటే మీలోనూ నాలోనూ కూడా, తల్లిలో గానీ తండ్రిలో గానీ లేని కొత్త మార్పులు సుమారు 60 నుంచి 70 దాకా ఉంటాయి. వాటిలో దాదాపు అన్నీ ఏ హానీ లేని చోట పడతాయి, మనకు తెలియను కూడా తెలియవు. ఎప్పుడో ఒకరి విషయంలో మాత్రం ఒక మార్పు వెళ్లి కీలకమైన జన్యువులో పడుతుంది. అప్పుడు రెండు వంశాల్లోనూ ఏడు తరాలు వెతికినా కనిపించని జబ్బు ఆ బిడ్డకు వస్తుంది.

ఎముకలు సరిగా పొడవు పెరగని అకాండ్రోప్లేసియా దీనికి మంచి ఉదాహరణ. ఈ పరిస్థితితో పుట్టే పిల్లల్లో సుమారు 80 శాతం మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తు ఉన్నవాళ్లే. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, కారణం ఇదేనని 1994లో తేలింది. కానీ అంతకు చాలా ముందే, 1912లో, జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ ఒక విషయం గమనించాడు. ఈ పిల్లలు తోబుట్టువుల్లో చివర పుట్టినవాళ్లుగా ఎక్కువగా కనిపిస్తున్నారని. డీఎన్‌ఏ ద్వారానే లక్షణాలు సంక్రమిస్తాయని ఎవరికీ తెలియని రోజుల్లో, జననాల లెక్కలు మాత్రమే చూసి ఆ మాట అనగలిగాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత ఈ లెక్క తండ్రి వయసుతో ముడిపడి ఉందని తేలింది. అండాలన్నీ ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే తయారైపోతాయి. శుక్రకణాలను తయారుచేసే కణాలు మాత్రం యుక్తవయసు నుంచి మగవాడి జీవితమంతా విభజన చెందుతూనే ఉంటాయి, విభజన జరిగిన ప్రతిసారీ తిరగరాత, తిరగరాసిన ప్రతిసారీ ఒక తప్పు దొర్లే అవకాశం. ఐస్‌లాండ్ కుటుంబాల జన్యు సమాచారం మొత్తం చదివి 2012లో ప్రచురించిన పరిశోధనలో, తండ్రి వయసు ఒక్కో ఏడు పెరిగేకొద్దీ బిడ్డలో సుమారు రెండు కొత్త మార్పులు పెరుగుతున్నాయని లెక్కగట్టారు. కొత్త అక్షర దోషాల్లో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచే వస్తాయి.

ఇప్పుడు ఆ వేలు తండ్రి వైపు తిప్పమని కాదు నేనంటున్నది. ఆయన చేసింది కూడా ఏమీ లేదు. ఆయన తిన్నదీ తిరిగిందీ ఆ అక్షరాన్ని ఎంచుకోలేదు. ఈ తప్పు ఎక్కడ పడాలో ఎవరూ నిర్ణయించరు. రేడియేషన్ లాంటివి మార్పుల సంఖ్యను పెంచుతాయన్నది నిజమే, హెర్మన్ ముల్లర్ 1927లోనే ఈగల మీద ఎక్స్‌రేలు ప్రయోగించి ఆ సంగతి చూపించాడు. కానీ ఒక బిడ్డలో కనిపించిన ఒక మార్పుకు ఫలానా రోజు ఫలానా పని కారణమని చెప్పడం సాధ్యం కాదు. గర్భిణిగా ఉన్నప్పుడు ఏం చేశావు అని తల్లిని అడిగే ప్రశ్నకు ఇక్కడ అర్థమే లేదు, ఎందుకంటే ఆ మార్పు చాలావరకు ఆమె గర్భం దాల్చకముందే అండంలోనో శుక్రకణంలోనో జరిగిపోయి ఉంటుంది.

ఇలా కొత్తగా వచ్చిందని తేలితే, అంటే బిడ్డలో మార్పు ఉండి తల్లి రక్తంలోనూ తండ్రి రక్తంలోనూ లేదని పరీక్షలో తెలిస్తే, తర్వాతి బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ, సాధారణంగా ఒక శాతం అటూఇటూ అని చెబుతారు. సున్నా అని ఎందుకు అనరంటే, తల్లి అండాశయంలోనో తండ్రి వృషణాల్లోనో కొన్ని కణాలకు మాత్రమే ఆ మార్పు ఉండి, రక్త పరీక్షలో బయటపడకపోవచ్చు. ఈ ఒక్క శాతం మాట తెలియక, మరో బిడ్డను కనే ధైర్యం లేక ఆగిపోయిన దంపతులు ఉంటారు. వంశపారంపర్యం అన్న మీ వాక్యం చదివి ఆగిపోయినవాళ్లూ వాళ్లలో ఉండవచ్చు.

డౌన్ సిండ్రోమ్ సంగతి ఇంకో రకం. ఇక్కడ అక్షర దోషం కాదు, జన్యు సమాచారాన్ని మోసే పోగుల్లో ఒకటైన 21వ క్రోమోజోమ్ రెండు కాపీలకు బదులు మూడు వస్తుంది, ఈ సంగతి 1959లో ఫ్రాన్స్‌లో బయటపడింది. మనిషికి ఉన్నది 46 క్రోమోజోములేనని ఖాయంగా తెలిసిందే అంతకు మూడేళ్ల ముందు, 1956లో. అండాలు దశాబ్దాలపాటు సగం విభజనలో ఆగి ఉంటాయి కాబట్టి వయసు పెరిగేకొద్దీ క్రోమోజోముల పంపకంలో పొరపాటు జరిగే అవకాశం పెరుగుతుంది. 25 ఏళ్ల తల్లికి సుమారు 1,200 మందిలో ఒకరు, 40 ఏళ్ల తల్లికి సుమారు 100 మందిలో ఒకరు. ఈ లెక్క అందరూ రాస్తారు. కానీ చిన్న వయసు తల్లులకే ఎక్కువ మంది పిల్లలు పుడతారు కాబట్టి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ ఎక్కువ మంది 35 దాటని తల్లుల పిల్లలే, ఈ మాట మాత్రం ఎవరూ రాయరు. ఇంకొకటి కూడా. వీరిలో మూడు నాలుగు శాతం మందికి ఆ అదనపు 21వ క్రోమోజోమ్ ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది, అలాంటప్పుడు తల్లికో తండ్రికో ఆ అతుకు ముందునుంచే ఉండి ఉండవచ్చు, వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు గానీ తర్వాతి బిడ్డ విషయంలో లెక్క మారిపోతుంది. అందుకే చూడగానే డౌన్ సిండ్రోమ్ అని తెలిసిపోతున్నా బిడ్డ క్రోమోజోమ్ పరీక్ష చేయించాలి. బయటికి ఒకేలా కనిపించే ఇద్దరు పిల్లల వెనక రెండు వేర్వేరు దారులు ఉండవచ్చు.

ఇక తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జబ్బులు. తలసీమియా, సికిల్ సెల్, వెన్నెముక కండరాల క్షీణత, ఇలా చాలా ఉన్నాయి. మెండెల్ 1866లో బఠాణీ మొక్కల మీద రాసిన వ్యాసంలో ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. జన్యువు రెండు కాపీల్లో ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది, అలాంటి మనిషిని క్యారియర్ అంటాం. క్యారియర్‌కు జబ్బు ఉండదు. ఇద్దరు క్యారియర్లు కలిసినప్పుడు మాత్రం ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండు చెడిన కాపీలూ వచ్చి జబ్బు వస్తుంది, నాలుగింట రెండు వంతులు తమలాగే క్యారియర్, మిగిలిన ఒక వంతు ఏదీ లేకుండా.

నాలుగింట ఒక వంతు అని పత్రికలో రాస్తే చాలామంది దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో తెలుసా? నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుంది, మాకు మొదటి బిడ్డకే వచ్చేసింది కాబట్టి ఇక మిగతావాళ్లకు రాదు అని. నాణెం ఎగరేసినప్పుడు కిందటిసారి బొమ్మ పడిందన్న సంగతి నాణేనికి గుర్తుండదు కదా, ఇక్కడా అంతే, ప్రతి గర్భం లెక్క మళ్లీ మొదటినుంచే. జబ్బున్న బిడ్డ తర్వాత కూడా అదే నాలుగింట ఒక వంతు. ఇద్దరికి వచ్చినా మూడో బిడ్డకు అదే. ఈ ఒక్క వాక్యం కథనంలో చేర్చడానికి ఎంత చోటు పడుతుంది చెప్పండి?

దీనికి తోడు ఇంకో లెక్క ఉంది, మా విద్యార్థులు కూడా దగ్గరదగ్గరగా ప్రతిసారీ ఇక్కడే తడబడతారు. జబ్బున్న బిడ్డకు ఆరోగ్యంగా ఉన్న అక్కో అన్నో ఉంటే, వాళ్లు క్యారియర్ అయ్యే అవకాశం ఎంత? సగం అంటారు. కాదు, మూడింట రెండు వంతులు. జబ్బు లేదని ఇప్పటికే తెలిసింది కాబట్టి ఆ ఒక వంతును లెక్కలోంచి తీసేయాలి, మిగిలిన మూడు వంతుల్లో రెండు క్యారియర్లవి. అంటే ఆరోగ్యంగా తిరిగే ఆ తోబుట్టువు పెళ్లి చేసుకునే ముందో పిల్లల్ని కనే ముందో ఒక పరీక్ష చేయించుకుంటే మంచిది. ఎందుకు చేయించుకోవాలో చెప్పకుండా చేయించుకోమంటే ఎవరూ వినరు.

మా ఇళ్లలో ఎవరికీ లేదు, మాకెలా వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. క్యారియర్‌గా తరతరాలు గడిచిపోవచ్చు, ఇద్దరు క్యారియర్లు కలిసే దాకా ఏ ఆనవాలూ ఉండదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్లి జరిగితే ఆ కలయిక జరిగే అవకాశం పెరుగుతుంది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యు సమాచారం ఉమ్మడిగా ఉంటుంది. బ్రిటిష్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ 1902లోనే అల్కాప్టోన్యూరియా అనే, మూత్రం నల్లబడే జబ్బున్నవాళ్ల తల్లిదండ్రులు తరచుగా దగ్గరి బంధువులు అవుతున్నారని గమనించాడు. అది నిజం. కానీ దాన్ని తిరగేసి, బంధువుల్లో చేసుకోలేదు కాబట్టి మాకు భయం లేదనుకుంటే అది తప్పు. తలసీమియా లాంటి జబ్బుల్లో క్యారియర్లు ఏ సంబంధమూ లేని ఇద్దరిలో కూడా మామూలుగా కనిపిస్తారు.

తలసీమియా క్యారియర్ల గురించి ఒక మాట ప్రత్యేకంగా రాయాలి. వాళ్లకు హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా ఉంటుంది, ఎర్ర రక్తకణాలు చిన్నగా ఉంటాయి, అందువల్ల ఐరన్ లోపం అనుకుని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ఉన్నారు. ఐరన్ వాడినా మారకపోతే హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం ఎంత ఉందో చూసే పరీక్ష చేయించాలి. సైప్రస్ 1970లలో ఈ క్యారియర్ల పరీక్షను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది, అక్కడ తలసీమియాతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు లేనట్టే అయింది. అక్కడ జనానికి ఈ లెక్కలు విడమరచి చెప్పారు, అందుకే ముందుకు వచ్చారు.

తల్లి నుంచి కొడుకులకు వచ్చే జబ్బులు వేరే తరగతి. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా, డ్యుషేన్ కండరాల జబ్బు, రంగుల గుడ్డితనం లాంటివి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. అబ్బాయికి ఒకటే ఎక్స్, అది చెడితే ఆదుకోవడానికి రెండోది లేదు. క్యారియర్ తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం, ప్రతి కూతురికీ క్యారియర్ అయ్యే అవకాశం సగం. జబ్బున్న తండ్రి నుంచి కొడుక్కి రాదు, ఎందుకంటే తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోమ్. కూతుళ్లందరూ మాత్రం క్యారియర్లు అవుతారు. ఇక్కడైనా తల్లి నుంచి అని రాయవచ్చు కదా అంటారేమో. హీమోఫీలియా ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి కుటుంబ చరిత్రే ఉండదు. విక్టోరియా మహారాణి కథే చూడండి. ఆమె పూర్వీకుల్లో ఈ జబ్బు కనిపించదు, ఆమె తండ్రికి లేదు. ఆమెలోనో ఆమె తల్లిదండ్రుల్లో ఒకరిలోనో కొత్తగా వచ్చిన మార్పు, ఆమె కూతుళ్లూ మనవరాళ్ల ద్వారా యూరప్ రాజకుటుంబాల్లోకి వెళ్లి రష్యా యువరాజు అలెక్సీ దాకా చేరింది. అది హీమోఫీలియా బీ అని, ఏ అక్షరం మారిందో కూడా, అలెక్సీ పుట్టిన రొమనోవ్ రాజకుటుంబ ఎముకల డీఎన్‌ఏ చదివి 2009లో తేల్చారు. తరతరాలుగా వస్తున్న జబ్బు కూడా ఏదో ఒక రోజు ఒకరిలో కొత్తగా మొదలైందే.

ఒక్క కాపీ చెడినా చాలు, జబ్బు వచ్చే రకం ఇంకోటి. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే హంటింగ్టన్ వ్యాధి అలాంటిది, తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. బీఆర్‌సీఏ అనే, చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువుల్లో మార్పులు కూడా ఇలాగే దిగుతాయి, ఇక్కడ మీ పేజీలో నన్ను ఎక్కువ బాధపెట్టిన లోపం ఉంది. రొమ్ము క్యాన్సర్ గురించి రాసిన ప్రతిసారీ అమ్మకు, అమ్మమ్మకు, పిన్నికి ఉందా చూసుకోండి అని రాస్తారు. నాన్న వైపు ఎందుకు అడగరు? బీఆర్‌సీఏ మార్పు తండ్రి నుంచి కూడా సరిగ్గా అదే సగం అవకాశంతో కూతురికి వస్తుంది. ఆ తండ్రి ఆరోగ్యంగా ఉంటాడు, ఆయనకు అక్కచెల్లెళ్లు లేకపోతే ఇంట్లో ఎవరికీ అనుమానమే రాదు. నానమ్మకు, మేనత్తకు అండాశయ క్యాన్సర్ వచ్చిందన్న సంగతి డాక్టరు అడగకపోతే ఈ అమ్మాయి చెప్పదు, ఎందుకంటే అది తన లెక్కలోకి వస్తుందని ఆమెకు తెలియదు. బీఆర్‌సీఏ1లో హానికరమైన మార్పు ఉన్న స్త్రీకి 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. ఇంత పెద్ద అంకె ఉన్నచోట సగం కుటుంబాన్ని అడగకుండా వదిలేస్తున్నాం. తండ్రికి కూడా పూర్తిగా ముప్పు లేదనుకోకండి, ఇవే మార్పులు, ముఖ్యంగా బీఆర్‌సీఏ2లో ఉన్నవి, మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ అవకాశాన్ని పెంచుతాయి.

అదే సమయంలో రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి 5 నుంచి 10 శాతం మాత్రమే. మిగతా క్యాన్సర్లలో కూడా జన్యువులు మారతాయి, కానీ ఆ మార్పులు బతికుండగా శరీరంలో ఏదో ఒక కణంలో జరిగినవి, అండంలోనో శుక్రకణంలోనో లేవు, పిల్లలకు పోవు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి, 1960లో ఫిలడెల్ఫియాలో మొదట గుర్తించిన ఆ చిన్న క్రోమోజోము వల్ల తయారయ్యే ప్రోటీనును అడ్డుకునే ఇమాటినిబ్ మందు 2001లో వచ్చింది. ఇది పూర్తిగా జన్యు మార్పు వల్ల వచ్చే జబ్బే, అయినా ఆ రోగి పిల్లలకు దీనివల్ల భయపడాల్సింది లేదు. క్యాన్సర్ కణంలో మ్యుటేషన్, అంటే జన్యు మార్పు, దొరికింది అని మీరు రాసినప్పుడు ఈ మాట కలపకపోతే, పిల్లలున్న రోగికి ఎంత టెన్షన్ పెడుతున్నారో ఆలోచించండి.

మ్యుటేషన్ అనగానే కీడు అనే ధోరణి కూడా మానాలి. సికిల్ సెల్‌కు కారణమైన మార్పు బీటా గ్లోబిన్ ప్రోటీనులో ఆరో స్థానంలో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చేస్తుంది, రెండు కాపీలూ అలాగే ఉంటే బతుకంతా నొప్పి. ఒక్క కాపీ ఉన్నవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందని ఆంటొనీ అలిసన్ 1954లో చూపించాడు. పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచేయకుండా పుట్టినవాళ్లలో చెడు కొలెస్టరాల్ చాలా తక్కువ, గుండెజబ్బులూ తక్కువ. వాళ్లను చూసే ఆ ప్రోటీనును అడ్డుకునే మందులు తయారుచేశారు, 2015లో అనుమతి వచ్చింది.

జన్యు వ్యాధి అంటే ఇక చేసేదేమీ లేదు అని రాయడం కూడా ఆపండి. ఫినైల్ కీటోన్యూరియా అనే జబ్బును 1934లో నార్వేలో అస్బ్యోర్న్ ఫోలింగ్ గుర్తించాడు. ఆయన దగ్గరికి ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చిన తల్లి అప్పటికే ఎందరో డాక్టర్ల చుట్టూ తిరిగింది, పిల్లల దగ్గర వస్తున్న వింత వాసనకూ వాళ్ల మానసిక ఎదుగుదల ఆగిపోవడానికీ సంబంధం ఉందేమోనని అడుగుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆమె పట్టు వదలకపోవడం వల్లే కారణం బయటపడింది. ఇరవై ఏళ్లు తిరగకముందే ఆహారంలోని ప్రోటీన్లలో ఉండే ఫినైల్ అలనిన్ అనే పదార్థం తక్కువగా ఉండే ఆహారం పనిచేస్తుందని తేలింది, 1960ల మొదట్లో రాబర్ట్ గుత్రీ పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో పరీక్ష కనిపెట్టాడు. పుట్టిన కొద్ది రోజుల్లో పట్టుకుంటే ఆ బిడ్డ మామూలుగా చదువుకుని ఉద్యోగం చేసుకుంటుంది. జన్యువు మారలేదు, ఫలితం మారింది. సికిల్ సెల్‌కు జన్యువును కత్తిరించి సవరించే క్రిస్పర్ పద్ధతిలో చేసే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి, దాని గురించి మీరు కూడా రాశారు, బాగుంది. కానీ అందులో మార్చేది రోగి రక్త మూలకణాలను మాత్రమే అని రాయలేదు. రోగికి నొప్పులు తగ్గినా ఆ రోగి పిల్లలకు సికిల్ జన్యువు అలాగే వెళుతుంది, జీవిత భాగస్వామి పరీక్ష అవసరం అప్పటికీ ఉంటుంది.

ఇదంతా పాఠంలా అనిపిస్తే క్షమించండి, కానీ వారసత్వం గురించి తప్పుగా చెప్పిన మాటలు మనుషుల బతుకుల మీద ఎంత దూరం వెళ్లగలవో చరిత్రలో ఉంది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు కేరీ బక్ అనే అమ్మాయికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని సమర్థించింది. ఆమె తల్లికి, ఆమెకు, పసికందుగా ఉన్న ఆమె కూతురికి కూడా మందబుద్ధి వంశపారంపర్యంగా వచ్చిందని చెప్పారు. ఆ కూతురు వివియన్ తర్వాత బడికి వెళ్లి మామూలుగానే చదువుకుంది, ఒకసారి మంచి విద్యార్థుల జాబితాలో కూడా చేరింది, ఎనిమిదేళ్లకే చనిపోయింది. వంశపారంపర్యం అని ముద్ర వేయడానికి ముందు ఎవరూ ఏ దారిన వచ్చిందని అడగలేదు, అసలు వచ్చిందా అని కూడా అడగలేదు. ఆ తీర్పు తర్వాత వేలమందికి అలాంటి ఆపరేషన్లు చేశారు.

ఆడపిల్ల పుట్టినా తల్లినే అనే వాళ్లకు కూడా జవాబు చాలా పాతదే. నెట్టీ స్టీవెన్స్ 1905లో పురుగుల కణాల్లో చూసి, పుట్టేది ఆడా మగా అన్నది శుక్రకణం తెచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందని తేల్చింది. నూట ఇరవై ఏళ్లు దాటింది.

ఇక మీతో నా మనవి. జన్యు వ్యాధి గురించి రాసేటప్పుడు డాక్టరును ఇంకొన్ని ప్రశ్నలు అడగమని మీ విలేకరులకు చెప్పండి. ఈ బిడ్డలో దొరికిన మార్పు తల్లిదండ్రుల్లో ఉందా, పరీక్ష చేశారా? చేయకపోతే చేయలేదని రాయండి, ఊహించి వంశపారంపర్యం అని రాయకండి. తర్వాతి గర్భానికి అవకాశం ఎంత, తోబుట్టువుల సంగతేమిటి, ఇంకా ఏ బంధువులకు చెప్పాలి? పరీక్ష రిపోర్టులో అర్థం స్పష్టంగా తెలియని మార్పు అని ఉంటే దాన్ని జబ్బుగా రాయకండి. అలాంటి మార్పుల్లో చాలావాటిని సమాచారం పెరిగాక హానిలేనివిగా తేలుస్తారు, ఈలోపు దాని ఆధారంగా ఆపరేషన్ చేయించుకుంటే వెనక్కి తీసుకోలేం. ఇంకో ముఖ్యమైన సంగతి, బిడ్డ ఫోటో, ఇంటిపేరు వేసేటప్పుడు ఆలోచించండి. ఒకరి జన్యు వ్యాధి పేరు అచ్చయితే అది ఒకరి రహస్యం మాత్రమే బయటపడినట్టు కాదు, ఇంకా తమ సంగతి తెలుసుకోవాలా వద్దా అని నిర్ణయించుకోని అక్కదీ తమ్ముడిదీ కూడా బయటపడినట్టే. హంటింగ్టన్ జన్యువు దొరికిన 1993 నుంచి పరీక్ష అందుబాటులో ఉన్నా, ముప్పు ఉన్నవాళ్లలో చాలామంది తెలుసుకోకుండా ఉండటాన్నే ఎంచుకుంటున్నారు, ఆ హక్కు వాళ్లది.

జన్యు సలహా ఇచ్చే నిపుణులు ఉంటారని, రిపోర్టు చేతికిచ్చి పంపేయకుండా కూర్చోబెట్టి రెండు వైపుల కుటుంబ వృక్షం గీసి వివరించడం వాళ్ల పని అని మీ పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? ప్రతి కథనం చివర ఒక చిన్న పెట్టెలో ఆ సంగతి వేయండి. అడిగి రాసుకోవాల్సినవి కూడా వేయండి: తండ్రి వైపు, తల్లి వైపు మూడు తరాల్లో ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చింది, చిన్నతనంలో పోయిన పిల్లలున్నారా, పదేపదే గర్భస్రావాలు అయ్యాయా, పరీక్ష రిపోర్టుల కాపీలు ఎవరి దగ్గర ఉన్నాయి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోమనండి, వాళ్లు పోయాక ఈ వివరాలు చెప్పేవాళ్లు దొరకరు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు